ఎరుపును వెనక్కి నడిపించే విద్య

నిమ్మకాయ కోస్తే రక్తం కారిందంటే గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ గుండె గుభేలుమనేవాళ్ళున్నారు. ముగ్గు వేసి, మధ్యలో దీపం పెట్టి, జబ్బుమనిషి తల చుట్టూ తిప్పిన కాయను భూతవైద్యుడు రెండు చెక్కలు చేస్తాడు. పళ్ళెంలోకి ఎర్రటి బొట్లు రాలతాయి. “చూశారా, ఎవరో గట్టిగానే చేయించారు” అంటాడు. అంతటితో ఆ ఇంట్లో చిల్లంగి, అంటే చేతబడి, ఖాయమైపోతుంది. ఇక ఎవరు చేయించారన్నదే మిగులుతుంది. ఆ ఆరా చివరికి వీధి చివర ఒంటరిగా బతికే ఏ ముసలమ్మ గుమ్మం దగ్గరో ఆగుతుంది.

అదే కాయ, అదే కత్తి, అదే ఎరుపు ఊరి బడి వరండాలో సైన్సు మేష్టారి చేతికొస్తే పిల్లలు ముందు బిక్కచచ్చిపోతారు, కాసేపటికి విరగబడి నవ్వుతారు. రెండుచోట్లా రసాయనం ఒకటే, పనితనం వేరు. దసరా సెలవుల నుంచి నరక చతుర్దశి దాకా దెయ్యాల కబుర్లకు మంచి గిరాకీ ఉండే రోజులు. ఆ రోజుల్లో పిల్లల ముందు చేసి చూపించే ఈ రంగుల గారడీని ఒక చేతిపనిగా దగ్గరనుంచి చూద్దామని ఈ వ్యాసం. నీళ్ళను ఎర్రబరచడం ఎవరికైనా ఇట్టే పట్టుబడుతుంది. ఆ ఎరుపును అందరి ముందూ వెనక్కి రప్పించే చోటే అసలు పనివాడు తేలతాడు.

పళ్ళెంలో ఎర్రనీళ్ళు

ఈ విద్యకు కావలసిన సరుకంతా ఇంట్లోనే ఉంటుంది. కొత్తకోడలు గడప తొక్కే ముందూ, పురిటింటి నుంచి బిడ్డను తెచ్చినప్పుడూ ఎర్రనీళ్ళతో దిష్టి తీయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పళ్ళెంలో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు కలిపి, తాంబూలంలోకి వాడే సున్నం కాస్త వేలికొసతో తీసి అందులో రంగరిస్తారు. వేలు తిరిగిన దారంతా ముందు నారింజరంగు సుడి తిరుగుతుంది. మరో రెండు చుట్లకు పళ్ళెమంతా నెత్తురు ముద్దలా అవుతుంది. హారతి అయ్యాక ఆ నీళ్ళు వీధిలో పారబోస్తారు. వాటిని తొక్కకూడదని పిల్లలు ఓ గంతేసి అవతలికి పోతారు.

ఇది నిఖార్సయిన ఆమ్ల క్షార ప్రయోగం. పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. 1815లోనే వోగెల్, పెల్టియే అనే శాస్త్రవేత్తలు దాన్ని పసుపులోంచి వేరుచేశారు. రెండు చివర్లా చెరో వలయం, నడుమ పొడుగాటి కార్బన్ గొలుసు ఉన్న అణువు అది. మామూలు నీళ్ళలో ఉన్నంతసేపూ నీలికాంతిని పీల్చుకుంటుంది కాబట్టి మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. క్షారం తగిలేసరికి దానిలోంచి హైడ్రోజన్ అయాను ఊడిపోతుంది, అణువంతటా ఎలక్ట్రాన్ల సర్దుబాటు మారుతుంది. అప్పుడది ఆకుపచ్చ వైపు కాంతిని కూడా మింగేస్తుంది. మిగిలి మన కంటిదాకా వచ్చేది ఎరుపు.

ఎంత క్షారం కావాలన్నదానికీ లెక్క ఉంది. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఏర్పరచిన పీహెచ్ కొలతలో 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పసుపు రంగు మారడం సుమారు 7.4 దగ్గర మొదలై 8.6 దగ్గరకు పూర్తవుతుంది. పూర్తిగా సున్నం పట్టిన తేటనీటి పీహెచ్ 12.4 దాకా ఉంటుంది. అందుకే పళ్ళెంలో వేసిన సున్నం కాస్త తక్కువైనా ఏ అమ్మ చేతిలోనూ ఎర్రనీళ్ళు విఫలం కావు. వంటసోడా వేసి చూస్తే తేడా తెలుస్తుంది. దాని పీహెచ్ 8.3 ప్రాంతంలో ఆగిపోతుంది గనక నీళ్ళు ఇటుకరంగు దగ్గరే నిలబడిపోతాయి. ఆ రంగుకు ఎవరూ భయపడరు. పులిహోర మరక పడ్డ చొక్కాకు సబ్బు రాసినప్పుడు మరక ఎర్రబారడం, జాడించాక మళ్ళీ పసుపు తేలడం కూడా ఈ పద్ధతే.

పెద్దవాళ్ళ చేతివాటంలో గమనించాల్సినవి ఇంకా ఉన్నాయి. ముందు నీళ్ళు, తర్వాత పసుపు, ఆఖర్న సున్నం. సున్నం ముద్దగా పడితే ఒకచోట ముదురెరుపు, మరోచోట పసుపు చారలు మిగిలి పళ్ళెం అతుకులబొంతలా కనిపిస్తుంది. వేలితో రంగరించి వదిలితే అంతటా సమంగా పాకుతుంది. ఎర్రనీళ్ళు పొద్దున్నే కలిపి పెట్టుకోరు, పెళ్ళికూతురు కారు దిగిందన్నాకే కలుపుతారు. క్షారంలో కర్క్యుమిన్ నిలవదు, నెమ్మదిగా విరిగిపోతుంది, ఎరుపు వన్నె తగ్గుతుంది. అప్పటికప్పుడు కలపాలన్న ఆచారం రసాయనం ప్రకారం కూడా సరైనదే.

కత్తికి పూసిన పువ్వు

ఇక నిమ్మకాయ. ఇందులో రహస్యమంతా కత్తి అంచున ఉంది. ముదురెరుపు ఒంటిరెక్క మందారం తీసుకుని, రేకల్ని కత్తికి రెండువైపులా గట్టిగా రుద్దాలి. ముద్దమందారం కూడా పనికొస్తుంది గానీ, ఒంటిరెక్క పువ్వు రేక వెడల్పు, చేతికి పట్టు దొరుకుతుంది. మందార రేకలో జిగురు ఎక్కువ. రంగును ఇనుముకు అతికించి ఉంచేది ఆ జిగురే. నలిగిన రసం కత్తి మీద ఎర్రగా కనిపించదు, మసకబారిన ఊదా నీలంగా ఉంటుంది. నీడన ఆరనిస్తే పాత ఇనపకత్తి మీద ఆ పూత ఉన్నట్టే తెలియదు. తళతళలాడే స్టీలు కత్తయితే దూరం నుంచే మచ్చ పట్టేస్తారు. అందుకే అనుభవమున్నవాళ్ళు వంటింట్లో నల్లబడిన కత్తినే ఎంచుకుంటారు.

కోసేటప్పుడు కత్తిని ఒక్క వేటున దించేయకూడదు. నెమ్మదిగా, కాస్త ముందుకీ వెనక్కీ లాగుతూ కొయ్యాలి. కాయలోంచి ఊరిన రసం పూత మీదుగా పారడానికి వ్యవధి కావాలి. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది, అంటే గట్టి పులుపు. అది తగలగానే పూతలోని రంగు నీలం వదిలేసి నిగనిగలాడే ఎరుపు అవుతుంది. రసంతో కలిసి, జిగురు వల్ల కాస్త చిక్కగా, బొట్టు బొట్టుగా జారుతుంది. నీళ్ళలా జారిపోకుండా ఆగి ఆగి రాలే ఆ బొట్టే చూసేవాళ్ళను నమ్మిస్తుంది. రంగు సగం పని చేస్తే జిగురు సగం చేస్తుంది.

మందారంలో ఉన్న రంగు ఆంథోసయనిన్ల కుటుంబానికి చెందినది. నేరేడు పండు, ఎర్ర క్యాబేజీ, నీలి శంఖుపువ్వు, గులాబి రంగులు కూడా ఈ కుటుంబానివే. గట్టి ఆమ్లంలో ఎరుపు, తటస్థానికి దగ్గరగా ఊదా లేదా నీలం, క్షారంలో ఆకుపచ్చ, ఇంకా ముదిరితే పసుపు. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద అచ్చువేసిన పుస్తకంలో వయొలెట్ పూల పాకం ఆమ్లంలో ఎర్రబడటం, క్షారంలో పచ్చబడటం వివరంగా రాశాడు. ఆమ్లాన్నీ క్షారాన్నీ నాలుక మీద వేసుకోకుండా కంటితో తేల్చుకునే దారి అలా బలపడింది. మన వైపు చూస్తే, 1930లు, 40లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో టి.ఆర్. శేషాద్రి, ఆయన శిష్యులు మందార జాతి పూలలోనూ పత్తి పూలలోనూ ఉండే రంగు పదార్థాల నిర్మాణాన్ని తేల్చే పనిలో ఏళ్ళ తరబడి కూర్చున్నారు. మనం పప్పులో వేసుకునే గోంగూర పువ్వు కూడా వాళ్ళ బల్ల మీదికి వెళ్ళింది.

ఈ పూల కోసం గోదావరి డెల్టాలో వెతుక్కోనక్కర్లేదు. రాజమహేంద్రవరం పక్కనే కడియం, కడియపులంక నర్సరీల్లో మందారాలు ఎన్ని రకాలో. పెరట్లో దడి మీద పాకే శంఖుపువ్వు ఉండనే ఉంది. దాన్ని వేడినీళ్ళలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మ పిండితే ఊదా అవుతుంది. అమెరికాలో మన పిల్లలు అక్టోబరు 31న హాలోవీన్‌కు బడిలో మంత్రగత్తె కషాయం అంటూ ఎర్ర క్యాబేజీ రసంతో చేసేది ఇదే. వాళ్ళ బామ్మల పెరట్లో అంతకన్నా మంచి సరుకుంది. ప్రయోగశాల అందుబాటులో ఉన్నవాళ్ళు పువ్వుకు బదులు మిథైల్ ఆరెంజ్ పూస్తారు. అది 4.4కు పైన పసుపు, 3.1కు కింద ఎరుపు గనక నిమ్మరసానికి కొలిచి తయారుచేసినట్టే ఉంటుంది. కానీ పిల్లలకు చూపించేటప్పుడు మందారమే మేలు. రహస్యం బయటపడ్డాక ఇంటికెళ్ళి వాళ్ళే చేసుకోవచ్చు.

కాయకా, కత్తికా

తెరవెనక పని ఎంత బాగా కుదిరినా, ఎదుట నడిపే తీరు చెడితే అంతా గారడీగానే మిగిలిపోతుంది. చేయి తిరిగిన మేష్టారు వచ్చీరాగానే సైన్సు మాట ఎత్తరు. ఊరి దెయ్యాల కబుర్లతో మొదలుపెడతారు. లాకుల దగ్గర రాత్రిపూట ఎవరు కనిపించారు, కాలవగట్టు మీది చింతచెట్టు సంగతేమిటి, ఆదివారం అమావాస్యకు ఎందుకు బయటికి రాకూడదు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెబుతారు. భయం బాగా చిక్కబడ్డాక కాయ తీస్తారు. కోశాక ఒక్క మాటా మాట్లాడరు, బొట్లను రాలనిస్తారు. తర్వాత ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ వైపు తిరుగుతారు.

“మామ్మగారూ, ఇది ఎవరి పనంటారు?”

“ఎవరో గిట్టనోళ్ళు చేసిందే నాయనా, ఇంకేటుంది.”

“అలాగేనండి. గిట్టనోళ్ళు కాయకి చేశారంటారా, కత్తికి చేశారంటారా?”

ఈ ఒక్క ప్రశ్నలో ఎంత పనితనముందో చూడండి. పెద్దావిడ నమ్మకాన్ని ఆయన వెక్కిరించలేదు, కాదనలేదు, దాన్నే రెండు పాయలుగా చీల్చి పరీక్షకు పెట్టారు. ఇక మిగిలింది చేసి చూపించడం. అదే బుట్టలోంచి మరో కాయ తీసి, అదే కత్తితో కోస్తారు. ఎరుపు. ఇంకో కాయ తీసి, మామ్మగారు తన ఇంటినుంచి తెప్పించిన కత్తితో కోస్తారు. మామూలు నిమ్మరసం. మొదటి కత్తిని శుభ్రంగా కడిగి మళ్ళీ కోస్తారు. మామూలు రసమే. కాయలు మారాయి, కత్తులు మారాయి, ఎరుపు మాత్రం పూత ఉన్న కత్తినే అంటిపెట్టుకుని వచ్చింది. పరిశోధనశాలల్లో ఒక్కో అంశాన్ని మారుస్తూ మిగతావన్నీ కదలకుండా ఉంచే పద్ధతి ఇదే. పదేళ్ళ పిల్లలకు కూడా ఆ వరస కళ్ళముందు అర్థమవుతుంది. మామ్మగారు కూడా “కత్తిలోనే ఉందిరోయ్ మాయ” అనకుండా ఉండలేరు.

ఈ పనికి మన రాష్ట్రంలో ఒక వరవడి ఉంది. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, నాస్తిక భావాలు రాసినందుకు 1933లో ఆ ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయన 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలుపెట్టి, తర్వాత విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం మూఢనమ్మకాలను జనం మధ్యకు తెచ్చి పరీక్షించడాన్ని ఒక ఉద్యమంగా నడిపింది. కోయంబత్తూరు దగ్గరి పోదనూరులో ఉండి దేశమంతా తిరిగిన బి. ప్రేమానంద్ బాబాల మహిమలను వేదికల మీద చేసి చూపించి, ఎలా చేశారో విప్పి చెప్పేవారు. 1987లో సైన్సును జనంలోకి తీసుకెళ్ళే భారత జన విజ్ఞాన జాతా దేశాన్ని చుట్టింది. మరుసటి ఏడాది, 1988లో ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక పుట్టింది. బడుల్లో చెకుముకి పేరుతో పిల్లల పత్రిక, పోటీ పరీక్షలు నడుపుతూనే, ఊళ్ళలో ‘మహిమల గుట్టు విప్పే’ ప్రదర్శనలకు కార్యకర్తలను తయారుచేసింది. నిమ్మకాయ రక్తం ఆ ప్రదర్శనల్లో తప్పనిసరి అంశం.

పసుపు గుడ్డ మీద చెయ్యి

పిల్లలకు నిమ్మకాయ కన్నా బాగా గుర్తుండిపోయేది దెయ్యం చెయ్యి. పసుపు నీళ్ళలో సరిగా కరగదు. అందుకని పెద్దవాళ్ళెవరైనా దాన్ని స్పిరిట్‌లో కరిగించి, తేరిన తేటలో తెల్లగుడ్డ ముంచి ఆరేస్తారు. ఎండలో ఆరేస్తే పసుపు రంగు ఎగిరిపోతుంది, నీడనే ఆరాలి. ఆరిన గుడ్డను చీకటి మూలన గోడకు వేలాడదీస్తారు. ఒకరు సబ్బునీళ్ళలో చెయ్యి తడుపుకుని, తడి బాగా విదిలించి, గుడ్డకు ఒత్తుతారు.

ఇక్కడే చూడాల్సిన ముచ్చట ఉంది. చెయ్యి తీసిన క్షణాన అచ్చు మొత్తం ఒకేసారి తేలదు. గుడ్డకు గట్టిగా తగిలిన వేలికొసలు, అరచేతి మడమ ముందు ఎర్రబడతాయి. వేళ్ళ మధ్య కణుపులు ఆ తర్వాత. అరచేతి గుంట ఆఖర్న పలచగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. గుడ్డలోపల్నుంచి ఎవరో చెయ్యి బయటికి నొక్కుతున్నట్టే ఉంటుంది. చెయ్యి మరీ తడిగా ఉంటే అచ్చు అంచులు పాకి ఆకారం చెడుతుంది. చెయ్యి విదిలించడంలోనే నేర్పంతా.

పిల్లలు కెవ్వుమన్నాక సగం నిమ్మచెక్క వాళ్ళలోనే ఒకరి చేతికిస్తారు. బొటనవేలి అచ్చు మీద రుద్దితే బొటనవేలు మాయం. చూపుడువేలు రుద్దితే అదీ మాయం. దెయ్యం చేతిని ఒక్కో వేలే చెరిపేసిన పిల్ల ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకోదు. ఈ పద్ధతినే ఉత్తరానికీ వాడొచ్చు. పుల్లను సబ్బునీళ్ళలో ముంచి తెల్లకాగితం మీద రాసి ఆరబెడితే ఏమీ కనిపించదు. పసుపు కలిపిన స్పిరిట్‌ను దూదితో అద్దితే అక్షరాలు ఎర్రగా లేస్తాయి.

మంత్రించి ఊదడానికి కూడా ఈ కట్టలో ఒక ప్రయోగం ఉంది. జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో తయారుచేసిన ఫినాఫ్తలీన్‌కు 8.2కు లోపల రంగే ఉండదు, 10కి చేరేసరికి ముదురు గులాబీ. పలచని సున్నపుతేటలో రెండు చుక్కలు వేస్తే గ్లాసు నిండా గులాబీరంగు. అందులోకి గొట్టంతో ఊదుతూ పోతే, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నాన్ని తినేసి, రంగు వెలిసిపోయి నీళ్ళు పాలలా మసకబారతాయి. మసక సున్నపురాయి పొడిది. మంత్రం చదివి ఊదినా, ఎక్కాలు చదివి ఊదినా ఫలితం ఒకటేనని పిల్లలకు చెప్పక్కర్లేదు, వాళ్ళే రెండూ చదివి చూస్తారు. ఊపిరికి బదులు గోలీసోడా పోసినా పని జరుగుతుంది. రామచంద్రపురం ఆర్టోస్ పానీయం మాత్రం దీనికి కుదరదు, దాని సొంత రంగు అడ్డొస్తుంది. అది తాగడానికి ఉంచుకోవాలి.

వెనక్కి వచ్చేవీ రానివీ

ఈ ప్రదర్శన మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది చప్పట్లు అయిపోయాక జరిగే భాగం. ఎర్రనీళ్ళ పళ్ళెం ముందుంటుంది. మేష్టారు నిమ్మరసం చుక్క చుక్కగా వదులుతారు. మొదటి చుక్క పడ్డచోట పావలా అంత పసుపు మచ్చ పుడుతుంది. కదిపితే ఎరుపు దాన్ని మింగేస్తుంది. రెండో చుక్కా అంతే. కొన్ని చుక్కల తర్వాత మచ్చ వెంటనే చెరగదు, కాస్త తటపటాయించి పోతుంది. ఇక దగ్గరికొచ్చిందని తెలిసినవాళ్ళకు అక్కడే తెలుస్తుంది, చుక్కకూ చుక్కకూ మధ్య ఎక్కువసేపు ఆగుతారు. ఆఖరికి ఒక్క చుక్క పడి పళ్ళెమంతా పసుపైపోతుంది. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో బ్యూరెట్ పట్టుకుని చేసే అంశమాపనం ఇదే. సున్నం ఎంతుందో దానికి తగినంత పులుపు పడేదాకా రంగు తిరగదు. మళ్ళీ వేలికొసన సున్నం తీసుకుంటే మళ్ళీ ఎరుపు. ఎరుపు రావడానికి కారణమేమిటో, ఆ కారణాన్ని తీసేస్తే ఎరుపు పోతుందని చూపిస్తేనే రుజువైనట్టు. భూతవైద్యుడి పళ్ళెంలో రంగు ఒక్క దిక్కుకే నడుస్తుంది. దాన్ని వెనక్కి తిప్పితే అతని బేరం పోతుంది.

అయితే తెలిసిన పనివాడికి తన సరుకు హద్దులు కూడా తెలియాలి. ఏ ఎరుపయినా వెనక్కి వస్తుందని పిల్లలకు చెబితే అది మరో మూఢనమ్మకం అవుతుంది. అట్లతద్దికి గోదావరి జిల్లాల ఆడపిల్లలు ముందురోజు రాత్రి గోరింటాకు పెట్టుకుంటారు. దానిలోని లాసోన్ చర్మపు కెరాటిన్‌ను పట్టుకుని బంధం వేసుకుంటుంది. ఎంత నిమ్మరసం రుద్దినా గోరింట పండు తిరిగి ఆకుపచ్చ కాదు, చర్మం అరిగి ఊడేదాకా ఉంటుంది. కుంకుమలోనూ రెండు తరహాలున్నాయి. పసుపుకు సున్నం పట్టించి ఎర్రబరచినది పులుపు తగిలితే పసుపు వైపు జారుతుంది. పసుపును నిమ్మరసం, వెలిగారంతో పండించినదాంట్లో కర్క్యుమిన్ బోరాన్‌తో జతకట్టి రోసోసయనిన్ అనే కొత్త పదార్థమవుతుంది. ఆమ్లంలో పుట్టిన ఎరుపు గనక నిమ్మరసానికి చెక్కుచెదరదు. ఇంటి దేవుడి గూట్లోని కుంకుమ ఏ తరహాదో, లేక బజారు రంగేనో, ఒక చిటికెడు మీద చుక్క పిండి చూస్తే పిల్లలకు మంచి కాలక్షేపం.

మందారం విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మందార రసంలో సున్నపుతేట పోస్తే ఆకుపచ్చ వస్తుంది. వెంటనే నిమ్మ పిండితే ఎరుపు వస్తుంది. ఆ పచ్చదనం బాగుందని మాటల్లో పడి కాసేపు వదిలేస్తే అది పసుపులోకి పోతుంది. ఆంథోసయనిన్ అణువు గట్టి క్షారంలో విరిగిపోయిందన్నమాట. ఇక ఎంత పులుపు పోసినా ఆ ఎరుపు రాదు. అందుకే మేష్టారు సున్నం దగ్గర ఉపన్యాసం పెట్టుకోరు. చెప్పాల్సింది ముందే చెప్పేసి, సున్నం పోసి, పిల్లలు పచ్చ అనగానే నిమ్మ అందుకుంటారు.

మధ్యవర్తుల ఎదుట

ఫినాఫ్తలీన్ గులాబీ నీళ్ళు చిన్నపిల్లల ఆటేనని తీసిపారేసేవాళ్ళకు రోజూ పేపర్లో ఒక సాక్ష్యం వస్తూనే ఉంటుంది. అవినీతి నిరోధక శాఖవాళ్ళు వల పన్నేటప్పుడు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. లంచం పుచ్చుకున్న చేతుల్ని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో, అంటే మన బట్టల సోడా నీళ్ళలో ముంచితే గులాబీరంగు తేలుతుంది. ఆ నీళ్ళను సీసాల్లో పోసి, సీలు వేసి ప్రయోగశాలకు పంపుతారు.

దాడికి ముందు జరిగే తంతు మరీ బాగుంటుంది. మధ్యవర్తులను కూర్చోబెట్టి, పొడికీ సోడా నీళ్ళకూ మధ్య జరిగేదాన్ని వాళ్ళ కళ్ళెదుట చేసి చూపిస్తారు. పొడి తగలని చేతుల్ని ముంచితే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, తగిలిన చేతుల్ని ముంచితే గులాబీ. ఏం చేశారో, ఏం చూశారో కాగితం మీద రాసి వాళ్ళ సంతకాలు తీసుకుంటారు. కాయకా కత్తికా అని మామ్మగారిని అడిగిన ప్రశ్నే ఇక్కడ సాక్ష్యంగా మారింది. ఒక మనిషిని జైలుకు పంపగల రంగు గనక దర్యాప్తు చేసేవాళ్ళు కూడా ముందు రెండు రకాల చేతులనూ ముంచి చూపిస్తారు. చిల్లంగి పేరుతో ఒక ముసలమ్మ మీద వేలు చూపేవాళ్ళను ఆ మాత్రం రుజువు అడగడం ఎక్కువేమీ కాదు.

సెలవుల్లో చేసుకునేవాళ్ళకు

ఇంట్లో పిల్లలతో ఈ ఆట పెట్టుకోదలచినవాళ్ళకు కొన్ని మాటలు. సున్నం మామూలు వస్తువేనని నిర్లక్ష్యం వద్దు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. సున్నం పట్టుకునే పని పెద్దవాళ్ళే చేయాలి. పడితే కన్ను నలపనివ్వకుండా నీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లల చేతికి సబ్బునీళ్ళు, వంటసోడా ఇస్తే చాలు. స్పిరిట్ ఉన్న గదిలో దీపం, అగరొత్తి, టపాకాయ ఏదీ ఉండకూడదు. దీపావళి రోజుల్లో ఈ మాట రెండుసార్లు చెప్పాలి. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి అసలు పోవద్దు, నిమ్మకాయ కన్నా మంచి ఆమ్లం ఈ ఆటకు అక్కర్లేదు. ఫినాఫ్తలీన్ బడి ప్రయోగశాలలోనే వాడాలి. ఊదే ప్రయోగంలో గొట్టంతో ఊదడమే గానీ పీల్చడం ఉండకూడదని పిల్లలచేత ముందు మంచినీళ్ళతో సాధన చేయించాలి. వాడిన కాయలు, పువ్వులు, నీళ్ళు ఏవీ నోట్లోకి పోకూడదు. కత్తి ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, పువ్వు రుద్దే పని వాళ్ళు చేస్తే రహస్యం కనిపెట్టే పని పిల్లలది.

ఆఖరిది క్రమం గురించి. భయపెట్టి వదిలేసే ప్రయోగం ఏదీ చేయవద్దు. రక్తం చూపించి “అదంతా సైన్సే” అని ఒక్క ముక్కతో తేల్చేస్తే పిల్లలకు మిగిలేది భయమే. రంగును రప్పించండి, ఎందుకొచ్చిందో ఊహించమనండి, వాళ్ళ ఊహ ప్రకారం ఒక్కటి మార్చి చూడమనండి, ఆఖర్న రంగును వెనక్కి పంపే పని వాళ్ళకే అప్పగించండి. ఈ నాలుగూ వరసగా జరిగితే ఆ పిల్ల రేపు ఏ పళ్ళెంలో ఎరుపు చూసినా “ఇందులో సున్నం ఎంత వేశారండీ, కాస్త నిమ్మరసం పిండి చూడొచ్చా?” అని అడుగుతుంది. జవాబు చెప్పగలవాడు పిండమంటాడు. చెప్పలేనివాడు పళ్ళెం సర్దుకుంటాడు.